నీడ నుండి వెలుగుకు: పగడాలను రాటుదేల్చడం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో నారు పోసే రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. పందిరి నీడన పెరిగిన వంగ నారునో, మిరప నారునో తెచ్చి ఒక్కసారిగా మండుటెండలో నిలబెడితే, లేత ఆకులు వెలిసిపోయి మాడిపోతవి. అదే నారును పది రోజులపాటు కొంచెం కొంచెంగా ఎండకు చూపిస్తే, ఆ ఎండలోనే ఏపుగా ఎదుగుతుంది. కృష్ణ ఒడ్డున కొల్లిపర లంకలలో అరటి వేసేవారికి ఇది మరీ అనుభవమైన విషయం. ప్రయోగశాలలో గాజు సీసాలలో పుట్టిన అరటి మొక్కలు సీసా నుండి నేరుగా పొలానికి రావు. వాటిని మొదట తేమగల గదులలోను, తరువాత నీడవలల కిందను కొన్ని వారాలు ఉంచి, ఆ పిమ్మటనే రైతుకు ఇస్తారు. మొక్కను ఇట్లా రాటుదేల్చడం 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థికైనా, బడికి పోని తోటమాలికైనా తెలిసిన పనే.

సముద్రంలో ఉండే పగడానికి కూడా ఈ నియమమే వర్తిస్తుందంటే ఆశ్చర్యంగా ఉండవచ్చు. పగడం మొక్క కాదు, జంతువు. జంతువుకు ఎండ ఎక్కువైతే మొక్కకు వచ్చే జబ్బు ఏల రావాలి? గాజు తొట్టిలో పగడాలను పెంచేవారు కొత్త దీపం అమర్చిన వారం రోజులలోనే అవి తెల్లబారి చావడం ఏల? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే, నేడు ప్రపంచ సముద్రాలలో పగడపు దిబ్బలకు వచ్చిన ముప్పు కూడా చాలవరకు అర్థమవుతుంది.

ఏది పగడం?

పగడం అనగానే మనకు నవరత్నాలలోని ఎర్రని పూస గుర్తుకు వస్తుంది. ఆ ఎర్ర పగడం ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో, వెలుగు సరిగా సోకని రాతి చరియల కింద పెరుగుతుంది. దానికి ఎండతో పని లేదు. మనం ఇక్కడ చెప్పుకునేది దిబ్బలు కట్టే రాతి పగడాలను గురించి. ఇవి వెచ్చని సముద్రాలలో, లోతు తక్కువైన చోట, నీరు తేటగా ఉండే తావులలో పెరుగుతవి. మన దేశంలో మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవులు వీటికి నెలవులు.

రాతి పగడంలోని ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. మూత తీసిన చిన్న సంచి వంటి శరీరం, సంచి మూతి చుట్టూ వేళ్ల వంటి స్పర్శకాలు. ఇంతే దాని రూపం. ఇది తన అడుగున సున్నపురాయితో గూడు కట్టుకుంటుంది. వేలకొలది పాలిప్‌లు ఒకదానినంటి ఒకటి గూళ్లు కట్టగా కట్టగా, తరతరాలకు దిబ్బ ఏర్పడుతుంది.

ఈ పాలిప్ శరీరపు లోపలి పొరలోని కణాలలో మరొక జీవి కాపురముంటున్నది. అది కంటికి కానరానంత చిన్నదైన గోధుమరంగు శైవలం. పగడపు పై పొర ఒక చదరపు సెంటీమీటరు మేర తీసి చూస్తే, అందులో ఈ శైవల కణాలు పది లక్షల వరకు ఉండవచ్చు. ఇటువంటి కణాలకు 1881లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రాంట్ జూజాంథెల్లా అనే పేరు పెట్టినాడు. ఆ పేరుకు జంతువులో ఉండే పసుపువన్నె జీవి అని భావం.

ఈ శైవలం ఎండను పట్టి, బొగ్గుపులుసు వాయువును నీటితో చేర్చి చక్కెరలు తయారు చేస్తుంది. అందులో తాను వాడుకొనగా మిగిలిన పెద్ద భాగాన్ని పగడానికి ఇస్తుంది. చాలా పగడాలకు కావలసిన శక్తిలో తొంభై పాళ్ల వరకు ఇట్లా అద్దెకున్నవాడి వంటనుండే వస్తుంది. బదులుగా పగడం ఆ శైవలానికి నీడను, భద్రతను, తన శరీరం విసర్జించే నత్రజని, భాస్వరాలను ఇస్తుంది. వెలుగు బాగా ఉన్నప్పుడు పగడం సున్నపు గూడును కూడా చీకటిలో కంటె కొన్ని రెట్లు వేగంగా కడుతుందని థామస్ గొరో జమైకా దీవిలో రేడియోధార్మిక ఖటికాన్ని ఉపయోగించి 1959లో ప్రకటించిన పరిశోధనలలో చూపినాడు.

కనుక పగడం జంతువే అయినా, దాని ఒంటిలో ఒక తోట ఉన్నది. ఎండదెబ్బ తగిలేది ముందుగా ఆ తోటకు.

మన రేవులలో దిబ్బలు ఎందుకు లేవు?

బాపట్ల దగ్గరి సూర్యలంకలోను, రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నంలోను సముద్రం ఉన్నది, ఎండ ఉన్నది, నీటిలో వెచ్చదనం ఉన్నది. అయినా అక్కడ పగడపు దిబ్బలు లేవు. కారణం కృష్ణానది. నది తెచ్చే ఒండ్రు నీటిని మసకబరుస్తుంది. వర్షాకాలంలో మంచినీరు కలిసి సముద్రపు ఉప్పదనం తగ్గిపోతుంది. పాలిప్ పిల్లలు అంటుకొనడానికి రాతి నేల లేదు, అంతా బురద. ఆ బురదలో మడ అడవులు చక్కగా పెరుగుతవి, పగడం పెరగలేదు.

నీటికి వెలుగును జల్లెడ పట్టే గుణం ఉన్నది. తేట సముద్రంలో ఎర్ర కిరణాలు పై కొద్ది మీటర్లలోనే చాలవరకు ఇంకిపోతవి. నీలి కిరణాలు చాలా లోతు వరకు పోతవి. బురద నీటిలో అన్ని రంగులూ కొద్ది అడుగులలోనే ఆగిపోతవి. అందువల్ల ఒకే జాతి పగడం లోతునుబట్టి వేరు వేరు వెలుగులకు అలవాటుపడి బ్రతుకుతుంది. పై అంచున ఉన్నదానికి మిట్టమధ్యాహ్నపు ఎండ అలవాటు. ఇరవై మీటర్ల లోతున ఉన్నదానికి ఆ ఎండలో కొద్ది భాగమే అలవాటు. లోతున ఉన్నదానిని తెచ్చి పైన పెడితే, పందిరి కింది నారును ఎండలో పెట్టినట్లే అవుతుంది.

వెలుగు ఎక్కువైతే ఏమి జరుగుతుంది?

డెల్టా వాసులకు ఈ విషయాన్ని కాలువ నీటితో పోల్చి చెప్పడం సులభం. తూము గుండా పొలంలోకి నీరు వస్తుంది. పొలం తాగవలసినంత తాగుతుంది. మిగిలిన నీరు మురుగు కాలువ గుండా పోవాలి. తూము పెద్దదై, మురుగు కాలువ చిన్నదైతే, గట్లు తెగి పైరు మునిగిపోతుంది.

శైవలంలోని పత్రహరితం ఆ తూము వంటిది. అది పట్టిన కాంతిశక్తిని చక్కెరలు చేసే రసాయన చర్యలు వాడుకుంటవి. అదే మన పొలం. ఆ చర్యలకు ఒక వేగపు హద్దు ఉన్నది. వెలుగు రెట్టింపయినంత మాత్రాన అవి రెట్టింపు వేగంతో నడవవు. మిగులు శక్తిని వేడిగా మార్చి వదిలేసే ఏర్పాటు శైవలంలో ఉన్నది. అది మురుగు కాలువ. ఆ దారికి కూడా మించిన శక్తి వచ్చి పడితే, అది ప్రాణవాయువు మీదికి మళ్లుతుంది. అప్పుడు సాధారణ ప్రాణవాయువు నుండి సూపరాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి తీవ్రమైన పదార్థాలు పుట్టి, కణంలోని పొరలను, మాంసకృత్తులను చెరుస్తవి. గట్లు తెగడమంటే ఇదే.

ఈ విషపదార్థాలు శైవలంలోనే ఆగవు, పగడపు కణాలలోకి కూడా పాకుతవి. అప్పుడు పగడం ఆ శైవలాన్ని బయటికి నెట్టివేస్తుంది, లేదా శైవలమే లోపల నశిస్తుంది. గోధుమరంగు పోయి, పారదర్శకమైన చర్మం గుండా లోపలి తెల్లని సున్నపు గూడు కనిపిస్తుంది. దీనినే పగడం తెల్లబారడం అంటారు. తెల్లబారిన పగడం వెంటనే చావదు. వంటవాడు వెళ్లిపోయిన ఇంటివలె పస్తులుంటుంది. కొద్ది వారాలలో శైవలం తిరిగి పెరిగితే కోలుకుంటుంది. లేకపోతే ఆకలితో చస్తుంది.

శైవలం వెళ్లిపోవడానికి వెలుగు ఎక్కువ కావడమే కారణం కానక్కరలేదు. 1928-29లో ఆస్ట్రేలియా దేశపు గ్రేట్ బారియర్ రీఫ్ వద్ద పరిశోధనలు జరిపిన మారిస్ యాంగ్ బృందం, పగడాలను వెలుగు చొరని పెట్టెలలో నెలల తరబడి ఉంచి చూసినది. ఆ పగడాలు కూడా తమ శైవలాన్ని కోల్పోయినవి. అతి చీకటి, అతి వెలుగు, అతి వేడి, మూడింటి ఫలితమూ ఒకటే.

పగడం తనను తాను ఎట్లా సర్దుకుంటుంది?

నెమ్మదిగా పెరిగే వెలుగుకు పగడం, శైవలం రెండూ కలిసి సర్దుకుంటవి. ఈ సర్దుబాటు మూడు వేగాలతో జరుగుతుంది. దీని గడువులు తెలిస్తే తొట్టిలో దీపాన్ని ఎంత నెమ్మదిగా పెంచాలో దానంతట అదే తెలిసిపోతుంది.

మొదటిది నిమిషాల మీద జరిగేది. శైవలంలో డయాడినోజాంథిన్ అనే పసుపు పదార్థం ఉన్నది. వెలుగు తీవ్రమైనప్పుడు ఇది డయాటోజాంథిన్‌గా మారి, మిగులు శక్తిని వేడిగా మార్చి వదిలేస్తుంది. వెలుగు తగ్గగానే తిరిగి పూర్వరూపం పొందుతుంది. మేఘం పోయి ఎండ కాసినప్పుడు పగడానికి ఇదే రక్ష.

రెండవది గంటల మీద జరిగేది. కాంతిని పట్టే యంత్రాంగంలో డి-1 అనే మాంసకృత్తి ఒకటి ఎండకు నిరంతరం దెబ్బతింటూనే ఉంటుంది. శైవలం దానిని తీసివేసి కొత్తది అమర్చుకుంటూ ఉంటుంది. రోజూ తెగే గట్టును రోజూ పూడ్చే కూలీల పని వంటిది ఇది. తెగే వేగం పూడ్చే వేగాన్ని మించనంతకాలం ప్రమాదం లేదు.

మూడవది రోజుల మీద, వారాల మీద జరిగేది. శైవలం తనలోని పత్రహరితాన్ని తగ్గించుకుంటుంది. అంటే తూమునే చిన్నది చేసుకుంటుంది. పసుపు రంగు పదార్థాలను పెంచుకుంటుంది. అంటే మురుగు కాలువను వెడల్పు చేసుకుంటుంది. పగడం కూడా ఊరకుండదు. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలను కూడబెడుతుంది. పచ్చగా, గులాబీగా, ఊదాగా మెరిసే కొన్ని మాంసకృత్తులను చర్మంలో నింపి, గొడుగు పట్టినట్లు శైవలాన్ని కాపాడుతుంది. ఈ పనులు పూర్తి కావడానికి రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కూడా పడుతుంది.

వెలుగు తగ్గించినప్పుడు ఇదంతా ఎదురు దిశలో నడుస్తుంది. పత్రహరితం పెరిగి, పగడం ముదురు గోధుమ రంగు తిరుగుతుంది. ఈ మార్పు ఆకలిని తెస్తుందేగాని గట్లు తెంచదు. కావున వెలుగు తగ్గడం కంటె వెలుగు హఠాత్తుగా పెరగడమే ఎక్కువ ప్రమాదకరం.

తొట్టిలో వెలుగును పెంచే పద్ధతి

మొదటి పని కొలవడం. మన కన్ను మంచి కొలబద్ద కాదు. అది చీకటికీ వెలుగుకూ తానే సర్దుకుంటూ మనలను మోసపుచ్చుతుంది. పైగా కన్ను పసుపు, ఆకుపచ్చ రంగులను బాగా చూస్తుంది; నీలి రంగును తక్కువగా చూస్తుంది. పగడపు తొట్టి దీపాలలో నీలి కిరణాలే ఎక్కువ. మనకు మందంగా కనిపించే నీలి దీపం శైవలానికి తీవ్రమైన ఎండ కావచ్చు. లక్స్ అనే కొలత కూడా మనిషి కంటినిబట్టి ఏర్పడినదే గనుక ఇక్కడ అది చాలదు.

ఇందుకు తగిన కొలత, ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో పడే కాంతి కణాల లెక్క. ఈ కణాలను మైక్రోమోళ్లలో లెక్కిస్తారు. ఒక మైక్రోమోల్ అంటే 6 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని కణాలు. నిర్మలమైన ఆకాశంలో మిట్టమధ్యాహ్నపు ఎండ ఈ కొలతలో సుమారు 2000 ఉంటుంది. తొట్టిలో నీడను కోరే పగడాలకు 50 నుండి 150 వరకు చాలు. కొమ్మలు వేసే అక్రోపోరా వంటి జాతులకు 200 నుండి 350 వరకు ఇస్తారు. కొలిచే పరికరాన్ని నీటిలో, పగడం ఉన్న చోటనే ఉంచి కొలవాలి.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక పగడం 100 మైక్రోమోళ్లకు అలవాటుపడి ఉన్నది. దానిని 250కి తేవాలి. ప్రతి మూడు రోజులకు, అప్పుడున్న వెలుగులో పదవ వంతు చొప్పున పెంచితే వరుస ఇట్లా ఉంటుంది: 100, 110, 121, 133, 146, 161, 177, 195, 214, 236, 259. పది మెట్లు, ముప్పై రోజులు. ఇది చక్రవడ్డీ లెక్క అని విద్యార్థులు గుర్తించే ఉంటారు. ప్రతిసారీ 15 చొప్పున సమంగా పెంచినా పది మెట్లకు 250 చేరవచ్చు. కాని అప్పుడు మొదటి మెట్టు నూటికి 15 వంతుల పెంపు, చివరి మెట్టు నూటికి 6 వంతుల పెంపు మాత్రమే. పగడం ఇంకా ఏ మాత్రమూ సిద్ధపడని మొదటి రోజున అన్నిటికంటె పెద్ద భారం మోపినట్లవుతుంది. అందుచేత చక్రవడ్డీ పద్ధతే మేలు.

పెంచే మార్గాలు నాలుగు ఉన్నవి. దీపానికే వెలుగు తగ్గించే మీట ఉంటే దానిని కొద్ది కొద్దిగా తిప్పవచ్చు. దీపాన్ని ఎత్తున కట్టి క్రమంగా దించవచ్చు. తొట్టి మీద నాలుగైదు వరుసల సన్నని వల పరచి, కొన్ని రోజులకొక వరుస తీసివేయవచ్చు. పగడాన్ని తొట్టి అడుగున ఉంచి, వారం వారం పై మెట్టుకు జరపవచ్చు. దీపాన్ని దించేటప్పుడు ఒక జాగ్రత్త కలదు. చిన్న దీపానికి దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. తొట్టిలో గాజు గోడల ప్రతిఫలనం వల్ల ఈ లెక్క సరిగ్గా కుదరదు. అందువల్ల దించిన ప్రతిసారీ మళ్లీ కొలవవలసినదే. దీపం పగటివేళ ఎనిమిది, పది గంటలు వెలిగితే చాలు. రాత్రి చీకటి కూడా పగడానికి అవసరమే.

వెలుగును పెంచే రోజులలో నీటి వేడిని, ఉప్పదనాన్ని, మేతను మార్చరాదు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది దేనికి కారణమో తెలియదు. పైగా రెండు భారాలూ పగడం మీదనే పడతవి.

పగడం చెప్పే గుర్తులు

రంగు కొంచెం పలచబడి, పాలిప్‌లు మాత్రం రోజూ మాదిరిగా విప్పారుతూ ఉంటే, అది సర్దుబాటు జరుగుతున్న గుర్తు. ఆ మెట్టు మీదనే మరికొన్ని రోజులు ఆగాలి. పాలిప్‌లు ముడుచుకొని విప్పారకపోవడం, దీపానికి ఎదురుగా ఉన్న పై భాగం మాత్రమే తెల్లబడి, నీడ పక్క రంగు నిలిచి ఉండడం, అంచులలో చర్మం గూటి నుండి వెనుకకు తగ్గడం చెడు గుర్తులు. అప్పుడు రెండు మెట్లు వెనుకకు తగ్గించాలి. అట్లు గాక రంగు రోజురోజుకు ముదురుతూ, ఎదుగుదల మందగిస్తే వెలుగు చాలడం లేదన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన దేశంలో రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001 నుండి ఉన్నవి. సముద్రం నుండి వాటిని తీయడం, అమ్మడం నేరం. కావున ఈ పద్ధతి మన ఇళ్లలో అలంకారానికి ఉద్దేశించినది కాదు. తగిన అనుమతులతో పగడాలను పెంచే పరిశోధన కేంద్రాలు, ప్రదర్శనశాలలు దీనిని వాడుకుంటవి. పాడైన దిబ్బల మీద పగడపు ముక్కలు నాటి తిరిగి పెంచేవారు కూడా, ముక్క ఏ లోతు నుండి వచ్చినదో, ఏ లోతున నాటుతున్నారో చూసుకొనవలసి ఉంటుంది.

పాఠశాలలో చేయదగిన ప్రయోగాలు

పగడం లేకుండానే ఈ సూత్రాన్ని తరగతిలో చూపవచ్చు.

మొదటి ప్రయోగానికి కాలువలలో దొరికే హైడ్రిల్లా అనే నీటి మొక్క చాలు. గాజు గ్లాసు నీటిలో చిటికెడు తినే సోడా కలిపి, కోసిన కొమ్మను తలకిందులుగా ఉంచాలి. కొమ్మకూ దీపానికీ మధ్య నీటితో నిండిన సీసా ఒకటి పెడితే దీపపు వేడి తగలదు. దీపాన్ని దూరం నుండి దగ్గరకు జరుపుతూ, ప్రతి చోటా ఐదు నిమిషాలు ఆగి, నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నవో లెక్కించాలి. మొదట వెలుగుతో పాటు బుడగలు పెరుగుతవి. తరువాత దీపం ఎంత దగ్గరైనా బుడగలు అంతగా పెరగవు. పొలం నిండినదన్నమాట. అక్కడినుండి వచ్చే వెలుగంతా మిగులే.

రెండవ ప్రయోగానికి వరండా నీడలో మూడు వారాలు పెంచిన వంగ మొక్కలు కావాలి. వాటిని మూడు వరుసలు చేయాలి. ఒక వరుసను నేరుగా ఎండలో పెట్టాలి. రెండవ వరుసను మొదటి రోజు ఒక గంట, రెండవ రోజు రెండు గంటలు, ఇట్లా పది రోజులు ఎండకు చూపాలి. మూడవ వరుసను నీడలోనే ఉంచాలి. మూడింటికీ మట్టి తడి ఒకే తీరుగా ఉండేటట్లు చూడాలి. లేకపోతే దాహం వల్ల వచ్చిన వాడును ఎండదెబ్బగా భ్రమపడే అవకాశం ఉన్నది. పది రోజుల తరువాత ఆకుల రంగును, మందాన్ని, కొత్త ఆకుల సంఖ్యను పట్టిక వేయాలి. మాడిన పాత ఆకుల పక్కనే పుట్టిన కొత్త ఆకులు ఎండను తట్టుకోవడం కూడా గమనించదగినది.

సముద్రం ఇవ్వని గడువు

తొట్టిలో మెట్టు మెట్టుగా వెలుగు పెంచడం మన చేతిలో ఉన్నది. సముద్రంలో జరుగుతున్నది వేరు. నీటి వేడి ఆ ప్రాంతపు వేసవి గరిష్ఠం కంటె ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే చాలు, శైవలంలో శక్తిని వాడుకునే చర్యలు, డి-1ను బాగుచేసే పని రెండూ కుంటుబడతవి. అప్పుడు రోజూ కాసే మామూలు ఎండ కూడా మిగులు ఎండ అవుతుంది. తూములో నీరు పెరగకుండానే, పొలం పూడుకుపోయి గట్టు తెగినట్లన్నమాట. వేడి సంవత్సరాలలో దిబ్బల మీద ఎండ తగిలే పై భాగం ముందుగా తెల్లబడి, నీడ భాగం తరువాతి వరకు నిలవడం ఇందువల్లనే.

1998, 2010, 2016 సంవత్సరాలలో ఇట్లా విస్తారంగా పగడాలు తెల్లబారినవి. ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి ఈ ఉపద్రవం వచ్చినట్లు 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ఆ సంవత్సరమే మన లక్షదీవులలో కూడా పగడాలు తెల్లబారినవి.

పగడానికి సర్దుకునే శక్తి లేదని దీని అర్థం కాదు. ఆ శక్తికి వారాలు కావాలి, మధ్య మధ్య విరామం కావాలి. నారును పెంచే రైతు పది రోజులు ఓర్చుకుంటాడు. తొట్టిని చూసుకునేవాడు ముప్పై రోజులు ఓర్చుకుంటాడు. వేడెక్కుతున్న సముద్రం మాత్రం అంతటి గడువు ఇవ్వడం లేదు. ఆ గడువును పగడాలకు మిగల్చడం, భూమి వేడెక్కే వేగాన్ని తగ్గించవలసిన మనుషుల పని.